సూర్యుడిలో కనిపించి, భూమి మీద దొరికిన మూలకం
హీలియం చరిత్రను తరగతిలో ఎలా చెప్పాలి?



సైన్సు ఉపాధ్యాయులు ఏటా ఒకసారైనా మీకు అప్పగించే పని ఒకటుంది. ఆవర్తన పట్టికలోంచి ఒక మూలకాన్ని ఎంచుకోవాలి. దాని వివరాలు సేకరించి చార్టు తయారుచేయాలి. తరగతి ముందు నిలబడి పది నిమిషాలు మాట్లాడాలి. ఈ పాఠంలో మనం ఆ పనినే తీసుకుందాం. ఉదాహరణగా హీలియంను ఎంచుకుందాం.

హీలియం చార్టు సాధారణంగా ఎలా ఉంటుందో మీకూ తెలుసు. పరమాణు సంఖ్య 2. పరమాణు భారం సుమారు 4. రంగు, రుచి, వాసన లేని జడవాయువు. గాలికంటే తేలిక కాబట్టి బెలూన్లలో నింపుతారు. ఆ తరవాత "కనుగొన్నవారు" అని ఒక గడి ఉంటుంది. అందులో ఇలా రాస్తారు: "1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ కనుగొన్నారు." తెలుగు విద్యార్థి ఈ వాక్యం చదివేటప్పుడు గొంతులో కొంచెం గర్వం కూడా పలుకుతుంది. అది సహజమే.

ఈ వాక్యంలో తేదీ నిజం. ఊరు నిజం. మనిషి నిజం. అయినా వాక్యం మొత్తంగా చూస్తే సరికాదు. ఆ రోజు గుంటూరులో జరిగింది ఒకటి, హీలియంను కనుగొనడం మరొకటి. ఈ రెండింటి మధ్య 27 ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఒక్క గడిలో కుదించడంతో కొందరికి రావలసిన పేరు రాలేదు, మరికొందరికి వారు చేయని పని పేరు వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, ఒక కొత్త పదార్థం ఉందని శాస్త్రం ఎలా నమ్ముతుందో మనకు తెలియకుండా పోయింది.

అందుచేత "ఎవరు కనుగొన్నారు?" అనే ఒక్క ప్రశ్నను నాలుగు ప్రశ్నలుగా విడగొడదాం. ఏం కనిపించింది? చూసినవారు అదేమిటనుకున్నారు? అది కొత్తదని మొదట ఎవరు అన్నారు? ఎప్పుడు, ఎలా రుజువైంది? మీరు ఏ మూలకాన్ని ఎంచుకున్నా ఈ నాలుగు ప్రశ్నలూ పనికొస్తాయి.

కాంతిలో ఉన్న గుర్తులు

ముందుగా ఒక నేపథ్యం తెలుసుకోవాలి. 1835లో ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కామ్టే ఒక మాట అన్నారు. నక్షత్రాల దూరాలు, కదలికలు మనం కొలవగలం గాని, అవి ఏ పదార్థంతో తయారయ్యాయో ఎన్నటికీ తెలుసుకోలేమని ఆయన అభిప్రాయం. ఆ రోజుల్లో అది సబబుగానే తోచింది. నక్షత్రం దగ్గరికి వెళ్ళి చిటికెడు పదార్థం తెచ్చి పరీక్షనాళికలో వేయడం ఎవరివల్ల అవుతుంది?

కాని దారి అప్పటికే తెరుచుకుని ఉంది. 1814లో జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఆ రంగుల పట్టీలో వందలాది సన్నని నల్లగీతలను గమనించారు. వాటిలో ప్రస్ఫుటమైన వాటికి అక్షరాల పేర్లు పెట్టారు. పసుపు భాగంలో ఉన్న జంట గీతకు డి అని పేరు. 1859లో కిర్చాఫ్, బున్సెన్ ఈ గీతల అర్థం విప్పి చెప్పారు. మంటలో వేడెక్కిన ప్రతి మూలకమూ తనకే ప్రత్యేకమైన కొన్ని రంగు గీతలను వెలువరిస్తుంది. అదే మూలకపు ఆవిరి, దానికంటే వేడిగా ఉన్న వస్తువు నుంచి వచ్చే కాంతికి అడ్డు నిలిస్తే, సరిగ్గా అవే స్థానాల్లో నల్లగీతలు ఏర్పడతాయి. మనిషికి వేలిముద్ర ఎలాగో మూలకానికి ఈ గీతలు అలాగ.

ఫ్రాన్‌హోఫర్ డి గీతలు సోడియంవి. వంటింటి ఉప్పును మంటలో చల్లితే వచ్చే పసుపు వెలుగు కూడా అదే. వాటి తరంగదైర్ఘ్యాలు 589.6, 589.0 నానోమీటర్లు. ఈ రెండు అంకెలనూ గుర్తుంచుకోండి. కథంతా వీటి పక్కనే నడుస్తుంది.

వర్ణపటదర్శినితో రసాయన శాస్త్రజ్ఞులు వెంటవెంటనే కొత్త మూలకాలను పట్టుకున్నారు. 1860లో సీజియం, 1861లో రుబీడియం, థాలియం అలా దొరికినవే. ఇక సూర్యుడి వంతు మిగిలింది.

1868 ఆగస్టు 18

సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో చంద్రుడి నల్లని అంచు చుట్టూ ఎర్రని నాలుకల్లాంటివి కనిపిస్తాయి. వాటిని సౌరజ్వాలలు అంటాం. అవి సూర్యుడివా, చంద్రుడివా అనే సందేహం 1860 గ్రహణంతో తీరింది. అవి సూర్యుడివే. కాని అవి దేనితో తయారయ్యాయి? దానికి జవాబు చెప్పగల సాధనం వర్ణపటదర్శిని. దాన్ని సంపూర్ణ గ్రహణం మీద ప్రయోగించడానికి మంచి అవకాశం 1868లో వచ్చింది. ఆ గ్రహణం చాలా దీర్ఘమైనది. గరిష్ఠంగా 6 నిమిషాల 47 సెకండ్ల పాటు సూర్యబింబం పూర్తిగా మరుగుపడింది. చంద్రుడి నీడ ఏడెన్ మీదుగా వచ్చి, దక్కన్‌ను దాటి, కృష్ణా తీరం మీదుగా బంగాళాఖాతంలోకి, అక్కడి నుంచి సయాం వైపు సాగింది.

ఆ నీడ దారిలో ఎవరెవరు కాచుకుని ఉన్నారో చూడండి. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో తన పరికరాలు అమర్చుకున్నారు. అదే ఊళ్ళో మేజర్ టెనెంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం ఉంది. అది గ్రహణానికి ఫొటోలు కూడా తీసింది. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ ఉన్నారు. నిజాం రాజ్యంలోని వనపర్తిలో అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి ఒక బృందానికి నాయకత్వం వహించారు. జంఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్, సయాంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రాయే ఉన్నారు.

రఘునాథాచారి గురించి ఒక మాట చెప్పుకోవాలి. పంచాంగ గణితంలో పేరున్న కుటుంబంలో పుట్టి, ఆధునిక దూరదర్శినిని చేతబట్టిన వ్యక్తి ఆయన. 1867లో ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్నారు. 1874లో జరగబోయే శుక్రసంక్రమణం గురించి సామాన్య పాఠకుల కోసం చిన్న పుస్తకం రాశారు. 1868 గ్రహణం గురించి మనం చెప్పే కథల్లో విదేశీయుల పేర్లే వినిపిస్తాయి. వనపర్తి శిబిరం గుర్తుకు రావడం అరుదు. మీ చార్టులో ఆయనకు ఒక వరుస ఇవ్వండి. అయితే ఆయన హీలియంను చూశారని రాయకండి. ఒకరికి న్యాయం చేయడానికి మరో తప్పు అక్కర్లేదు.

ఆ ఉదయం ఏం కనిపించింది? వేర్వేరు చోట్ల ఉన్న పరిశీలకులందరికీ దాదాపు ఒకే దృశ్యం కనిపించింది. సౌరజ్వాలల వర్ణపటంలో నల్లగీతలకు బదులు ప్రకాశవంతమైన రంగు గీతలు వచ్చాయి. అంటే ఆ జ్వాలలు మండుతున్న వాయువులన్నమాట. ఎరుపు, నీలం గీతలను బట్టి వాటిలో ముఖ్యమైనది హైడ్రోజన్ అని తేలింది. ఆ రోజు దొరికిన గొప్ప ఫలితం ఇదే.

వీటితోపాటు పసుపు భాగంలో ఒక గీత కూడా వెలిగింది. సయాంలో రాయే తొమ్మిది గీతలను గుర్తించి, వాటిలో ఒకదాన్ని డి స్థానంలో రాసుకున్నారు. టెనెంట్ కూడా దాన్ని డి గీతగానే భావించారు. మచిలీపట్నంలో పాగ్సన్ మాత్రం కొంచెం జాగ్రత్తగా, అది డి దగ్గర గాని, దానికి అతి సమీపంలో గాని ఉందని రాశారు. ఆ "గాని"లో ఒక అనుమానం ఉంది. ఆయన నివేదిక మద్రాసులో అచ్చయింది గాని ఐరోపా పాఠకుల దృష్టికి పెద్దగా రాలేదు. అందువల్లనే ఈ కథలో మచిలీపట్నం పేరు చాలాకాలం వినిపించలేదు.

చూసినవారు దాన్ని సోడియం అనుకోవడంలో వింత లేదు. ఐదారు నిమిషాల వ్యవధి. చీకట్లో స్కేలు చదవాలి. ఒకే కంటితో అన్ని గీతలూ చూడాలి. పసుపులో గీత కనిపిస్తే తెలిసిన పేరు పెట్టడమే ఎవరైనా చేసే పని.

ఆగస్టు 19: గుంటూరు అసలు ఘనత

మరి గుంటూరుకు, జాన్సెన్‌కు దక్కవలసిన ఘనత ఏమిటి? అది తక్కువదేమీ కాదు. గ్రహణ సమయంలో ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయో చూసిన జాన్సెన్‌కు ఒక ఆలోచన తట్టింది. ఇంత వెలుగున్న గీతలను చూడటానికి గ్రహణమే ఎందుకు? మామూలు పగలు కూడా చూడవచ్చు కదా! ఆ రోజు తరవాత మబ్బులు కమ్మడంతో ప్రయత్నించలేకపోయారు. మర్నాడు, ఆగస్టు 19న, పరికరం చీలికను సూర్యబింబం అంచుకు గురిపెట్టారు. గీతలు కనిపించాయి.

ఇది ఎలా సాధ్యమైంది? గుప్పెడు పసుపును పెద్ద చాటలో పరిచారనుకోండి. చాట ఎంత పెద్దదైతే పసుపు అంత పలచబడుతుంది. కాని అందులో ఒక రేగుపండు ఉంటే, చాట ఎంత పెద్దదైనా అది రేగుపండుగానే ఉంటుంది. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి. వర్ణపటాన్ని ఎంత వెడల్పుగా పరిస్తే ఆ వెలుగు అంతగా మసకబారుతుంది. సౌరజ్వాల కాంతి మాత్రం కొన్ని గీతల్లోనే కుదించుకుని ఉంటుంది కాబట్టి అది పలచబడదు. దాంతో పట్టపగలు కూడా గీతలు పైకి తేలతాయి. ఏళ్ళ తరబడి ఎదురుచూసి కొద్ది నిమిషాలు మాత్రమే చూడగలిగిన దాన్ని ఇక రోజూ చూడవచ్చు. సౌర భౌతికశాస్త్రంలో ఇది పెద్ద మలుపు. గుంటూరులో నిజంగా పుట్టింది ఈ పద్ధతి.

జాన్సెన్ తన ఫలితాలను సెప్టెంబరులో కాకినాడ నుంచి పారిస్‌కు రాసి పంపారు. సముద్రం మీద ఉత్తరం వెళ్ళడానికి వారాలు పట్టింది. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే యువకుడు, యుద్ధ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తూ తీరికవేళల్లో సూర్యుణ్ణి పరిశీలించేవారు, ఇదే ఆలోచన చేశారు. ఆయన కోరిన వర్ణపటదర్శిని తయారై చేతికి రావడంలో చాలా ఆలస్యమైంది. అది వచ్చాక 1868 అక్టోబరు 20న ఆయన కూడా గ్రహణం లేకుండానే సౌరజ్వాలల గీతలను చూశారు. ఇద్దరి సమాచారమూ పారిస్ విజ్ఞాన అకాడమీ ముందుకు ఒకే రోజు, అక్టోబరు 26న వచ్చింది. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలనూ ఒకే పతకం మీద ముద్రించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ పతకం దేనికోసం? హీలియం కోసం కాదు, పద్ధతి కోసం. జాన్సెన్ కాకినాడ ఉత్తరంలో కొత్త మూలకం ప్రస్తావనే లేదు.

ఒకటిన్నర నానోమీటర్ల తేడా

పద్ధతి చేతికొచ్చాక తొందర పోయింది. లాకియర్ తీరిగ్గా, మళ్ళీ మళ్ళీ కొలవగలిగారు. 1868 చివరి నెలల్లోనే ఆయనకు ఒక సంగతి స్పష్టమైంది. సౌరజ్వాలల్లోని పసుపు గీత సోడియం గీతల మీద కూర్చోవడం లేదు. కొంచెం ఆకుపచ్చ వైపుకు జరిగి ఉంది. సోడియం గీతలు డి1, డి2 కాబట్టి దీనికి డి3 అని పేరు పెట్టారు. నేటి కొలతల్లో దాని స్థానం 587.6 నానోమీటర్లు. సోడియం 589.0 గీతకూ దీనికీ తేడా దాదాపు ఒకటిన్నర నానోమీటర్లు. హీలియం కథంతా ఆ కొద్దిపాటి ఎడంలో ఉంది.

డిగ్రీ విద్యార్థులు ఆ ఎడాన్ని మీ ప్రయోగశాలలోనే అంచనా వేయవచ్చు. మిల్లీమీటరుకు 600 గీతలున్న గ్రేటింగ్‌తో చూస్తే, సోడియం గీతల సగటు స్థానానికీ హీలియం పసుపు గీతకూ మధ్య కోణం దాదాపు 4 నిమిషాలు. డిగ్రీలో పదిహేనో వంతు. మన కళాశాల స్పెక్ట్రోమీటరు వెర్నియర్ మీద సాధారణంగా ఒక నిమిషం వరకు చదవగలం. అంటే నిదానంగా కొలిస్తే తేడా దొరుకుతుంది, హడావిడిలో అయితే జారిపోతుంది. 1868లో జరిగింది సరిగ్గా అదే.

సోడియం కాకపోతే మరేమిటి? లాకియర్ తొందరపడి కొత్త మూలకం అనలేదు. హైడ్రోజన్ ఏదైనా ప్రత్యేక పరిస్థితిలో ఈ గీతను ఇస్తుందేమోనని రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి ప్రయోగాలు చేశారు. పీడనం మార్చి చూశారు, ఉష్ణోగ్రత మార్చి చూశారు. ప్రయోగశాలలోని హైడ్రోజన్ ఆ గీతను ఇవ్వలేదు. తెలిసిన మరే మూలకమూ ఇవ్వలేదు. అప్పుడు, సూర్యుడికి గ్రీకు పేరైన హీలియోస్ నుంచి హీలియం అనే పేరు వాడుకలోకి వచ్చింది. 1871లో ఎడింబరోలో బ్రిటిష్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో విలియం థామ్సన్ ఆ పేరును బహిరంగంగా ప్రస్తావించారు. ఈయనే తరవాత లార్డ్ కెల్విన్ అయ్యారు.

అందరూ ఎందుకు నమ్మలేదు?

పేరు పుట్టింది గాని మూలకం చేతికి రాలేదు. 1869లో మెండలీవ్ ఆవర్తన పట్టిక ప్రకటించినప్పుడు అందులో హీలియంకు చోటు లేదు. తరవాత కూడా చాలా ఏళ్ళు రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని అనుమానంగానే చూశారు. వారిని మొండివాళ్ళని తీసిపారేయడం తేలిక. కాని వారి అనుమానానికి బలమైన కారణం ఉంది.

ఇదే పద్ధతిలో మరో రెండు "మూలకాలు" కూడా పుట్టాయి. 1864లో నీహారికల వర్ణపటంలో తెలియని ఆకుపచ్చ గీతలు కనిపిస్తే, వాటికి కారణమైన పదార్థాన్ని తరవాత నెబ్యూలియం అన్నారు. 1869 సూర్యగ్రహణంలో కరోనా నుంచి 530.3 నానోమీటర్ల దగ్గర ఒక ఆకుపచ్చ గీత కనిపిస్తే, దానికి కరోనియం అని పేరు పెట్టారు. ఈ రెండూ లేవు. నెబ్యూలియం గీతలు ఆక్సిజన్‌వని 1927లో అమెరికా శాస్త్రజ్ఞుడు బోవెన్ చూపించారు. అతి పలుచని వాయువులోనే అవి వస్తాయి. కరోనియం గీత ఇనుముదని, పదమూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుప పరమాణువుదని, 1940ల మొదట్లో స్వీడన్‌కు చెందిన ఎడ్లెన్ తేల్చారు.

మూడు కొత్త గీతలు, మూడు కొత్త పేర్లు. వాటిలో ఒకటే నిజమైన మూలకం. కాబట్టి ఒక గీత కొత్తగా కనిపించినంత మాత్రాన కొత్త మూలకం దొరికినట్లు కాదు. తెలిసిన మూలకమే మనకు తెలియని పరిస్థితిలో ఉండవచ్చు. హీలియం విషయంలో లాకియర్ ఊహ సరైనదని ఈనాడు మనకు తెలుసు. ఆనాడు అది ఊహే. మీ ప్రసంగంలో ఈ ఘట్టాన్ని వదిలేయకండి. శాస్త్రం నమ్మడానికి ఎంత రుజువు కోరుతుందో ఇక్కడే కనిపిస్తుంది.

1895: సీసాలోకి వచ్చిన సూర్యపదార్థం

రుజువు వెతకనివారికి దొరికింది. 1890 ప్రాంతంలో అమెరికాలో హిల్లెబ్రాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు యురేనియం ఖనిజాలను ఆమ్లంతో వేడి చేసినప్పుడు ఒక జడమైన వాయువు రావడం గమనించారు. దాన్ని నైట్రోజన్ అనుకున్నారు. 1894లో లండన్‌లో విలియం రామ్సే, లార్డ్ రేలీ కలిసి గాలిలో ఆర్గాన్‌ను కనుగొన్నారు. హిల్లెబ్రాండ్ చూసింది కూడా ఆర్గానేమోనని రామ్సేకు ఒక ఖనిజ శాస్త్రజ్ఞుడు సూచించారు. 1895 మార్చిలో రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడిచేసి, వచ్చిన వాయువును శుద్ధి చేసి, గాజు గొట్టంలో విద్యుత్తు పంపి చూశారు.

ఆర్గాన్ కోసం చూస్తే పసుపు గీత వెలిగింది. మొదట సోడియమేమో అనిపించడం సహజం. పక్కనే సోడియం గీతలను పెట్టి పోల్చి చూస్తే రెండూ కలవలేదు. వాయువు నమూనాను క్రూక్స్‌కు, లాకియర్‌కు పంపారు. క్రూక్స్ తరంగదైర్ఘ్యం కొలిచి, ఇది సూర్యుడి డి3 గీతేనని తేల్చారు. తాను నమ్మిన గీతను 27 ఏళ్ళ తరవాత గాజు గొట్టంలో చూసే భాగ్యం లాకియర్‌కు దక్కింది. దాదాపు అదే సమయంలో స్వీడన్‌లోని ఉప్సలాలో క్లీవ్, లాంగ్లెట్ విడిగా ఈ వాయువును సేకరించి, దాని పరమాణు భారాన్ని అంచనా వేశారు.

అంతటితో పరీక్ష ముగియలేదు. భూమి మీది హీలియం పసుపు గీత నిజానికి జంట గీత అని జర్మన్ శాస్త్రజ్ఞులు రుంగే, పాషెన్ కనుగొన్నారు. మరి సూర్యుడి డి3 గీత ఒంటరిదే అని అప్పటివరకు అనుకుంటున్నారు. జంట కాకపోతే రెండూ ఒకటి కావు. ఖగోళ శాస్త్రజ్ఞులు మరింత శక్తిమంతమైన పరికరాలతో సూర్యుణ్ణి మళ్ళీ పరిశీలించారు. అక్కడ కూడా అది జంటే. అప్పుడు అనుమానానికి తావు లేకుండా పోయింది.

తరవాత తెలిసిన కారణాలు

హీలియం యురేనియం ఖనిజంలోనే ఎందుకు దొరికింది? దీనికి జవాబు రేడియోధార్మికత. రేడియం నుంచి హీలియం వస్తుందని 1903లో రామ్సే, సాడీ చూపించారు. యురేనియం, థోరియం విఘటనలో వెలువడే ఆల్ఫా కణాలు హీలియం కేంద్రకాలేనని తరవాత రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ రుజువు చేశారు. అంటే భూమి లోపల హీలియం నిత్యం పుడుతూనే ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని బక్రేశ్వర్ వేడినీటి బుగ్గల వాయువులో కూడా అది ఉంది. అయితే గాలిలోకి వచ్చిన హీలియం కొంచెం కొంచెంగా అంతరిక్షంలోకి జారిపోతుంది. అందుకే పది లక్షల పాళ్ళ గాలిలో అది సుమారు 5 పాళ్ళే ఉంటుంది. విశ్వంలోని సాధారణ పదార్థపు ద్రవ్యరాశిలో మాత్రం దాదాపు నాలుగో వంతు హీలియమే.

మరో ప్రశ్న. సూర్యుడిలో అంత హీలియం ఉంటే, ఫ్రాన్‌హోఫర్ చూసిన నల్లగీతల్లో అది ఎందుకు ప్రస్ఫుటంగా కనిపించలేదు? దీనికి తాళంచెవి 1920లో మన దేశస్థుడు మేఘనాద్ సాహా ఇచ్చారు. ఒక మూలకపు గీతలు కనిపించడం, అది ఎంత ఉందన్న దానితోపాటు ఉష్ణోగ్రత, పీడనాల మీద ఆధారపడి ఉంటుందని ఆయన సమీకరణం చెబుతుంది. హీలియం పరమాణువును ఉత్తేజపరచడానికి చాలా శక్తి కావాలి. సూర్యుడి ఉపరితలపు వేడి అందుకు చాలదు. దాని పైనున్న పలుచని వర్ణావరణంలో, సౌరజ్వాలల్లో అలాంటి పరిస్థితి ఉంది. అవి ప్రస్ఫుటంగా కనిపించేది గ్రహణంలో. అందుకే ఈ కథకు గ్రహణం అవసరమైంది.

1908 జులై 10న కామర్లింగ్ ఓన్స్ హీలియంను ద్రవంగా మార్చారు. అది మరిగేది మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ వద్ద. ఆ చలిలోనే 1911లో ఆయన అతివాహకతను కనుగొన్నారు. ఆసుపత్రుల్లోని ఎం.ఆర్.ఐ. యంత్రాల అయస్కాంతాలను చల్లబరచే పని ఇప్పటికీ ఎక్కువగా ద్రవ హీలియందే. ఉపయోగాల పట్టికలో బెలూన్ల కంటే ముందు దీన్ని రాయండి.

ఆధారాలను ఎలా పరీక్షించాలి?

హీలియం గురించి వెతికితే మీకు మరో కథ కూడా ఎదురవుతుంది. మహారాష్ట్రలోని విజయదుర్గ్ కోట నుంచి 1868లో లాకియర్ హీలియంను కనుగొన్నారని చెబుతారు. అక్కడ ఆగస్టు 18న ఉత్సవం కూడా జరుపుతున్నారు. ఇప్పుడు మీరే పరీక్షించండి. 1868లో లాకియర్ ఎక్కడ ఉన్నారు? ఇంగ్లండులో. ఆయన పరిశీలన తేదీ ఏది? అక్టోబరు 20. మరి విజయదుర్గ్‌కు ఆయన వచ్చిన మాట అబద్ధమా? కాదు, వచ్చారు. 1898 జనవరి 22 నాటి గ్రహణానికి. రెండు గ్రహణాలు ఒకటిగా కలిసిపోయాయి.

మన వైపూ ఇలాంటి చిక్కులున్నాయి. జాన్సెన్ ఉత్తరం పారిస్ అకాడమీ పత్రికలో కాకినాడ పేరుతో అచ్చయింది. శీర్షిక మాత్రమే చూసినవారు గ్రహణాన్ని కాకినాడలో చూశారనుకోవచ్చు. 1859 నుంచి 1904 వరకు గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం. పాత పటాల్లో గుంటూరు జిల్లా కోసం వెతికితే దొరకదు. కాబట్టి ప్రతి వాక్యానికీ మూడు విషయాలు సరిచూసుకోండి. ఆ మనిషి ఆ రోజు ఆ ఊళ్ళో ఉన్నారా? ఆ సమయంలో ఆయన స్వయంగా ఏమని రాశారు? ఆ వాక్యం చెబుతున్నవారు ఎంత కాలం తరవాత చెబుతున్నారు?

పది నిమిషాల్లో ఎలా చెప్పాలి?

మొదటి రెండు నిమిషాలు చిన్న ప్రదర్శన చేయండి. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో స్పిరిటు దీపం మంటలో చిటికెడు ఉప్పు వేసి పసుపు వెలుగు చూపించండి. ఇది సోడియం అని చెప్పండి. కళాశాలలో హీలియం గొట్టం ఉంటే దాన్నీ చూపి, రెండు పసుపులూ ఒకటేనా అని అడగండి. తరవాతి ఐదు నిమిషాల్లో 1868, 1871, 1895 అనే మూడు మెట్లు చెప్పండి. ఒక నిమిషం నెబ్యూలియం, కరోనియంలకు ఇవ్వండి. చివరి రెండు నిమిషాల్లో ఉపయోగాలు చెప్పి, ప్రశ్నలకు అవకాశమివ్వండి.

రెండు హెచ్చరికలు. సూర్యుణ్ణి నేరుగా గాని, పట్టకం, దుర్భిణి, సీడీ వంటి వాటితో గాని చూడవద్దు. గొంతు మారుతుందని హీలియం పీల్చవద్దు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ తగ్గి ప్రాణాపాయం కలగవచ్చు.

ఇక "కనుగొన్నవారు" అనే గడి. దాన్ని చెరిపేసి, నాలుగు వరుసలు గీయండి. 1868 ఆగస్టు 18: సౌరజ్వాలల్లో పసుపు గీత పలువురికి కనిపించింది. వారిలో మచిలీపట్నంలోని పాగ్సన్ ఒకరు. ఆగస్టు 19: గుంటూరులో జాన్సెన్ గ్రహణం లేకుండానే సౌరజ్వాలలను పరిశీలించే పద్ధతి కనుగొన్నారు. అదే ఏడాది చివర: అది సోడియం కాదని లాకియర్ తేల్చారు, కొత్త పేరు 1871లో బయటికి వచ్చింది. 1895: రామ్సే దాన్ని భూమి మీద పట్టుకున్నారు.

ఈ నాలుగు వరుసల్లో గుంటూరు ఉంది, బందరు ఉంది. పక్కన వనపర్తి పేరు కూడా రాసుకోవచ్చు. మన ఊళ్ళ పేరు తగ్గలేదు. ఏ ఊరు ఏం చేసిందో స్పష్టంగా తెలిసింది. తరగతిలో ఎవరు లేచి "ఎలా తెలుసు?" అని అడిగినా ఇప్పుడు మీరు జవాబు చెప్పగలరు.